వాకిట్లో ఉన్న బండి వేలంలో పోయిందట

పెదజాకరగుడ గ్రామం,
అరకులోయ మండలం.
తేదీ: 24-10-2025, శుక్రవారం.

జిల్లా రవాణా అధికారి గారి సముఖమునకు,
పాడేరు.

అయ్యా,

విషయం: ఫైనాన్సులో ఉన్న నా ఏడు సీట్ల టాక్సీ బండి (చివరి అంకెలు 4187) ఇదివరకే వేలంలో అమ్ముడుపోయినట్లు కంపెనీ వారు తప్పుగా రాసుకొన్నందున, దానిని అమ్ముకొనుటకు వీలులేక, బండి ఉన్నదని తమరు స్వయముగా చూసి ధ్రువీకరించవలసినదిగా కోరుట గురించి.

పాంగి ధనరాజు అను నేను, తండ్రి పేరు సుక్రు, వయస్సు నలభై తొమ్మిది, పై గ్రామ వాస్తవ్యుడను. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి వరకు చదువుకొన్నాను. పంతొమ్మిది సంవత్సరములుగా అరకు స్టేషను వద్ద టూరిస్టు బండి నడుపుకొని బతుకుచున్నాను. ఈ అర్జీ ఎవరిచేతా రాయించలేదు. అక్షరములు పెద్దవిగా, వంకరగా ఉన్నందుకు కారణము మొదటి అంశములోనే తెలియగలదు.

1. బండి అమ్మదలచిన కారణము. గడచిన జూన్ నెలలో విజయనగరం కుటుంబం ఒకదానిని బొర్రా గుహల నుండి పైకి తెచ్చుచుండగా, గాలికొండ దాటిన మలుపులో బండి ఎడమ పక్క అంతా రోడ్డువార గోడను రాసుకొన్నది. ఎవరికీ దెబ్బ తగలలేదు. వెనుక సీటులోని ముసలమ్మ, "బాబూ, గోడ కనబడనేదా?" అని అడిగినది. కనబడలేదు. అదే మాట ఆమెకు చెప్పినాను. విశాఖపట్నం డాక్టరు గారు చూసి, షుగరు వలన ఎడమ కన్ను పోయినదని, కుడి కన్నుకూ మొదలైనదని, వరుసగా ఇంజెక్షన్లు చేయించుకొంటే ఆ ఒక్కటి నిలుస్తుందని చెప్పినారు. నా లైసెన్సు ఎవరూ అడగలేదు, లాగుకోలేదు. ఇంటికి వచ్చి నేనే బండి తాళం నా భార్య కృపావతి చేతిలో పెట్టి, ఇకమీద నాకు ఇవ్వవద్దని చెప్పినాను. ఆమె ఆ తాళం బైబిలు పెట్టుకొనే పెట్టెలో దాచినది.

2. కొనదలచినవారు. మా గ్రామ వాస్తవ్యురాలు వంతల సోములమ్మ, ఇరవై ఏడేళ్లు, నాకు మేనకోడలి వరుస. రెండేళ్లుగా కాఫీ బస్తాల జీపు నడుపుచున్నది. బ్యాడ్జితో సహా లైసెన్సు ఉన్నది. నా బండి తనకు ఇమ్మని తనే వచ్చి అడిగినది. కాఫీ డబ్బుతో బయానా ఇచ్చినది. మిగిలిన సొమ్ములో నుండి కంపెనీకి పడవలసిన ఎనిమిది నెలల కంతులు ఒకేసారి కట్టివేసి, బండి మీద తమకు బాకీ లేదని కంపెనీ వారిచ్చే ఎన్ఓసీ కాగితము తెచ్చి, తమ కార్యాలయములో ఆర్సీ ఆమె పేరుకు మార్పించుట మా ఒప్పందము. మిగిలినది నా కంటికి. నవంబరులో టూరిస్టుల రాక మొదలవుతుంది గనుక అప్పటికి బండి ఆమె చేతిలో ఉండవలెనని అనుకొన్నాము. ఇందులో దాపరికం ఏమీ లేదు. లోను ఉన్న సంగతి ఆమెకు తెలుసు, ఊరికంతా తెలుసు.

3. కంపెనీ వారి మాట. ఆగస్టు పదకొండున సోములమ్మను వెంటబెట్టుకొని రైలులో విశాఖపట్నం పోయి, కంపెనీ ఆఫీసులో సాయినాథ్ గారు అను అధికారిని కలిసినాను. ఆయన కంప్యూటరులో చూసి, "మీ లోను మార్చిలోనే క్లోజ్ అయిపోయింది కదండీ" అన్నారు. నేను కంతులు కడుతూనే ఉన్నానే అనుకొన్నాను గాని, అయ్యా, ఒక్క క్షణం ఆశ కలిగిన మాట దాచను. సోములమ్మ నా భుజం గిల్లినది. అయితే ఎన్ఓసీ ఇమ్మని అడిగితే, "మీకెందుకిస్తామండీ? బండిని ఫిబ్రవరిలో సీజ్ చేశాం. మార్చిలో వేలం వేశాం. కొన్నవారికిస్తాం" అన్నారు.

"బాబూ, బండి మా వాకిట్లో ఉంది" అన్నాను.

"ఉండదండీ" అన్నారు.

ప్రతి నెలా ఐదో తారీకున నా బ్యాంకు ఖాతాలో నుండి కంతు సొమ్ము కంపెనీకి విరుగుచున్నట్లు పాస్‌బుక్కు చూపినాను. మార్చి తరువాత కూడా అయిదు కంతులు విరిగినవి. లేని బండికి కంతు ఎందుకు తీసుకొంటున్నారని అడిగితే, అది వేరే డిపార్టుమెంటు చూస్తుందని సెలవిచ్చినారు.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పగా కృపావతి నా ముఖం చాలాసేపు చూసి, "నిజం సెప్పు. నాకు తెలీకుండా ఎవులికైనా తాకట్టెట్టినావా?" అని అడిగినది. బండి ఆమె వెనకాలే నిలబడి ఉన్నది. ఇరవై నాలుగేళ్ల సంసారంలో ఆమె నన్ను అట్లా అడగడం అదే మొదలు. ఇది అర్జీలో రాయదగిన విషయమో కాదో నాకు తెలియదు గాని రాయుచున్నాను.

4. బండిని చూపించుట. ఆగస్టు ఇరవై ఐదున సోములమ్మ నడుపగా బండిని ఆఫీసు మెట్ల దగ్గరకే తీసుకుపోయినాము. సాయినాథ్ గారు బయటకు వచ్చినారు. చుట్టూ తిరిగి చూసినారు. తలుపు తీసి లోపల కూర్చున్నారు. ఛాసిస్ నంబరు చదివి, ఆర్సీలో సరిపోల్చి, "అరె, నిజమేనే" అన్నారు. ఫొటోలు తీసి హెడ్ ఆఫీసుకు పంపినారు. ఆ రోజు ఆయనకు దండం పెట్టి వచ్చినాము. పన్నెండు రోజులకు జవాబు వచ్చినది. సదరు ఫొటోలు సీజ్ చేయకముందు తీసినవి కావచ్చునని, విచారణ ముగిసినదని. సాయినాథ్ గారిని ఫోనులో అడిగితే, "నేను చూశానండీ. నేను చూశానని రాశాను కూడా. సిస్టంలో మార్చడం నా చేతిలో లేదు" అన్నారు. తరువాత విసుగు వచ్చి, సీజ్ చేసినప్పటి కాగితం నకలు పంపి, సంతకం మీదే చూసుకోండి అన్నారు.

5. ఆ కాగితము. దాని మీద బండి నంబరు నాదే, 4187. సంతకం మాత్రం నాది కాదు. ఉన్న కాస్త చూపుతో కూడబలుక్కొని చదివితే "భీముడు" అని ఉన్నది. కింద ఫోను నంబరు. ఫోను చేయగా ఎత్తిన మనిషి, నేను పేరు చెప్పకముందే, "అయ్యా, నా దగ్గర బండి లేదు, దేవుడి మీద ఒట్టు, దాచలేదు" అన్నాడు.

ఆ మనిషి అడ్డతీగల దగ్గర సంతలకు సరుకు తోలుకొనే భీముడు. నేను రెండు బస్సులు, ఒక జీపు మారి ఆయన ఇంటికి పోయినాను. ఆయన బండి చివరి అంకెలు 4178. భార్య జబ్బు పడగా అదే కంపెనీకి నాలుగు కంతులు తప్పినాడు. ఫిబ్రవరిలో సంత నడిమధ్య, పసుపు బస్తాలు దింపించి మరీ బండిని తీసుకుపోయినారు. తీసుకుపోయినవారు కాగితం మీద అంకెలు తిరగవేసి రాసినారు. 4178 అని రాయవలసినచోట 4187. జరిగినది ఇంతే అయ్యా. రెండు అంకెలు. ఆ రోజు నుండి నా బండి వేలంలో పోయినట్లు, ఆయన బండి ఇంకా ఆయన దగ్గరే ఉన్నట్లు లెక్క. బండి ఎక్కడ దాచినావని ఆయనకు ప్రతి రోజూ ఫోనులు. రెండుసార్లు మనుషులు వచ్చి పశువులపాకలో గడ్డి తీయించి వెతికినారు.

సీజ్ కాగితము, ఆయన ఆర్సీ పక్కపక్కన పెట్టి చూపగా భీముడు నవ్వినాడు. ఆ వెంటనే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకొన్నాడు. "ఎనిమిది నెలలుగా మా ఆవిడ కూడా నేనే ఎక్కడో అమ్ముకు తిన్నానంటుందన్నా" అన్నాడు. ఆయన ఆ మాట అనేటప్పుడు ఆమె వంటచెరకు మోపు వద్ద నిలబడి వింటున్నది. ఆ పూట నాకు కోడి కోసి పెట్టినారు. తమరు ఎప్పుడు పిలిచినా వచ్చి సాక్ష్యం చెబుతానని భీముడు రాసి ఇచ్చిన కాగితం జతపరిచినాను.

6. ఇప్పటి ప్రమాదము. వేలంలో బండి కొన్న పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. ఆయనకు ఇచ్చిన కాగితాల మీద నా బండి నంబరు ఉన్నది. రేపు ఆయన ఆ కాగితాలతో తమ కార్యాలయమునకు వచ్చి పేరు మార్చమంటే, నా వాకిట్లోని బండి ఆయనది అవుతుంది. ఈ అక్టోబరు ఐదున కూడా నా కంతు విరిగినది. నేను కట్టనని బ్యాంకులో చెబితే బాకీదారునవుతాను, అప్పుడు నిజంగానే సీజ్ చేస్తారు. కట్టినా నాది కాదు, కట్టకపోతే పోతుంది. కంటి ఇంజెక్షన్లలో ఒకటి అప్పు మీద వేయించుకొన్నాను. రెండోదానికి గడువు దాటినది.

మొన్న బుధవారం సోములమ్మ బయానా తిరిగి ఇద్దామని ఇంటికి పోయినాను. వేరే బండి చూసుకో అమ్మా, సీజను పోతుంది అని చెప్పినాను. ఆమె డబ్బు అందుకోలేదు. "నాను వేరే బండి సూసుకుంటే నీ కన్నేటవుద్ది మావా?" అన్నది. ఆ తరువాత, "ఆ ఆపీసు కాయితం మీద ఏటైనా రాయొచ్చు గానీ బండిని మింగేత్తాదేటి? పాడేరు ఎల్దాం, నడు" అన్నది. అందువలన ఈ అర్జీ.

అయ్యా, నాకు కోపం వస్తున్నది. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. సాయినాథ్ గారు చెడ్డవారు కారు. ఫోనులు చేసేవారు నౌకరీ చేసుకొనేవారు. సీజ్ చేసినవాడు ఎండలో నిలబడి తొందరలో రాసి ఉంటాడు. ఒక్కరినైనా చొక్కా పట్టుకొని అడుగుదామంటే అందరూ తమ చేతిలో లేదనేవారే. మా పొలంలో గట్టు తప్పితే పక్కవాడిని పిలిచి, తాడు పట్టి, పూట తిరిగేలోపల సరిచేసుకొంటాము. రెండు అంకెలు సరిచేయడానికి మనిషి లేడని అంటే నాకు నమ్మకం కుదరడం లేదు.

కావున నా కోరికలు:

బండిని తమరు గాని, తమ ఇన్‌స్పెక్టరు గారు గాని స్వయంగా పరీక్షించి, ఛాసిస్, ఇంజను నంబర్లు నా ఆర్సీతో సరిపోయినవని ఒక కాగితం మీద రాసి ముద్ర వేయించవలెను.

ఆ విచారణ తేలేవరకు 4187 బండిని ఎవరి పేరుకూ మార్చకుండా నిలిపివేయవలెను.

సదరు రెండు బండ్ల సంగతి కంపెనీ హెడ్ ఆఫీసుకు తమ లెటరు మీద తెలియజేయవలెను. నా మాట కంటే తమ లెటరు వారికి బాగా వినబడుతుంది.

భీముడికి పోయిన బండి తిరిగి రాదని ఆయనకు తెలుసు. బండి దాచలేదన్న మాట ఒక్కటి ఆయనకు రాసి ఇప్పించగలిగితే, మా ఇద్దరి ఇళ్లలోనూ తమ పేరు చెప్పుకొంటాము.

వచ్చే సోమవారం ఉదయం బండితో తమ కార్యాలయమునకు వచ్చెదము. సోములమ్మ నడుపును. భీముడు నేరుగా పాడేరు బస్టాండులో దిగును.

వంకర అక్షరములు మన్నించి, చివరి దాకా చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
బండి ఉన్నవాడు,
పాంగి ధనరాజు

జతపరిచినవి: ఆర్సీ నకలు, పాస్‌బుక్కు నకలు, సీజ్ కాగితం నకలు, డాక్టరు గారి చీటీ, భీముడి వాంగ్మూలం.

తా.క.: అర్జీ మడత పెట్టిన తరువాత కంపెనీ నుండి ఫోను వచ్చినది. హైదరాబాదు నుండి ఎవరో అమ్మాయి, పేరు అనురాధ అట. లోను చక్కగా తీర్చినందుకు అభినందనలని, నాకు కొత్త కారు లోను ముందే మంజూరైనదని చదివినది. కృపావతి ఫోను లాక్కొని, "ఓలమ్మీ, మాకు కొత్త బండొద్దు. ఉన్న బండి ఉన్నాదని రాసి పంపండి, సాలు" అన్నది. తరువాత ఆ అమ్మాయి చదవడం మానివేసి, "ఏమైందమ్మా? మొదటి నుంచి చెప్పండి" అన్నది. కృపావతి మెట్టు మీద కూర్చొని అంతా చెప్పినది. గాలికొండ గోడ మొదలు, నన్ను అనుమానించిన సంగతి దాకా. ఆ సంగతి చెప్పేటప్పుడు నా వైపు చూసినది. ఆ అమ్మాయి అరగంట విన్నది. చివరకు, "నా సీటు నుంచి నేనేమీ మార్చలేనమ్మా. నాకా అధికారం లేదు" అని మెల్లగా చెప్పినది.

ఈ చివరి మాట కృపావతి రాయమన్నది: అధికారం లేని ఆ గుంట అరగంట ఇన్నాది బాబూ. తమరికి ఉన్నాది.