కొండచేనుకు కట్టిన గట్లు

కొండపల్లి,
1998 మే 6.

మావయ్యకు నమస్కారాలు.

వానలు పడేలోగా మా కొండవాలు చేనుకు రాతిగట్లు కట్టాలి. మీరు రాకుండా నాన్న ఒక్క రాయి కూడా పెట్టనివ్వడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

నిరుడు మా చేలో మట్టి వానకు కొట్టుకుపోతోందని అమ్మ బాధపడితే, మీరు పామర్రు నుంచి వచ్చి వాలంతా మెట్లుగా చెక్కారు. మీ వరిచేలకు కట్టినట్టే మట్టిగట్లు గట్టిగా వేశారు. "చుక్క నీరు బయటికి పోదు బావా!" అన్నారు. నిజంగానే పోలేదు. కొండమీద నీటికి దారి వదలాలని మనలో ఎవరికీ తెలియదు. వాననీళ్లు నిండి పైగట్టు తెగి, కింద కలుపు తీస్తున్న అమ్మ మీద పడింది.

పెద్దకర్మనాడు మీరు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెళ్లిపోయారు. మళ్లీ కనబడలేదు.

నాన్నకు మీ మీద కోపం లేదు. "వాళ్లక్క కోసం కట్టాడమ్మా. ఆడు లేకుండా నేనెట్టా కడతాను?" అంటున్నారు. అమ్మ పోలికలున్న మనిషి నాకిక మీరొక్కరే మావయ్యా.

నీటిదారులు ఎక్కడ వదలాలో భూసంరక్షణ ఆఫీసువాళ్లు చూపిస్తామన్నారు. ఈ నెల ఇరవయ్యో తేదీలోగా ఈ ఉత్తరం చదివి వినిపించినవాళ్లచేతనే జవాబు రాయించండి. వస్తున్నానన్న ఒక్క మాట చాలు.

మీ మేనకోడలు