నూనె వడకట్టే జీన్స్ కాలు

ఎమ్లిన్,

పెరటి షెడ్డులో డ్రమ్ము మీద వేలాడుతున్న జీన్స్ కాలు నీదే. పాత వడపోత గుడ్డ చిరిగిపోతే, దీన్ని కత్తిరించి అడుగు కుట్టేశాను. నీ వ్యానులో డీజిల్‌కి బదులు పోసేందుకని, చేపలూ చిప్సూ వేయించే కొట్టు గ్వెన్లియన్ ఇచ్చిన వాడేసిన నూనె అందులో పోశాను. గుడ్డను పిండకు, పిండితే మాడిన తుక్కంతా కిందికి దిగిపోతుంది. తనంతట తానే కారనీ.

నూనె డబ్బా ఇస్తూ గ్వెన్లియన్ అంది, "మీ ఆయన వ్యాను పోయిన వీధల్లా చేపల వేపుడు వాసనేనమ్మా. మీ ఇంటి ముందు మాత్రం ఎప్పుడూ రాదేం?" నవ్వేసి వచ్చాను.

గోరువెచ్చటి నూనె పోస్తుంటే కాలు నిండింది. నేను మాసిక వేసిన చోట మోకాలు ఉబ్బింది. కాసేపు దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

ఆసుపత్రి డ్యూటీకి వెళ్తున్నాను. నువ్వొచ్చేసరికి ఉండను, ఈ నెలంతా ఇదే వరస. మాంసం పులుసు వేడి చేసుకో.

నెరిస్

చెప్పడం మరిచాను. వంటింట్లో పొయ్యి పక్కనుండే డ్రమ్మును షెడ్డులోకి మార్చింది నేనే. చలికి నూనె చిక్కబడి నెమ్మదిగా కారుతుంది. ఆదివారానికి గానీ నీ వ్యానుకు సరిపడా రాదు. ఆదివారం నాకు సెలవు. డ్రమ్మును మళ్ళీ పొయ్యి దగ్గరికి జరపకు.