మా ఆవిడ కుట్టిన చొక్కా తిరిగి వచ్చిన వైనం

వాణిజ్య శాఖ అధికారి గారి సముఖమునకు, బస్టాండు ఎదుటి వీధిలోని దర్జీ సమర్పించుకొను అర్జీ.

విషయం: ఓడలెక్కి పోయిన చొక్కాలు పాతబడి తిరిగి వచ్చి నా దుకాణము మూయించుచున్న సంగతి గురించి.

అయ్యా,

1. నేను ఇరవై రెండేళ్లుగా ఇదే వీధిలో చొక్కాలు కుట్టుచున్నాను. నా భార్య ఊరి చివరి విదేశీ కంపెనీ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టుచున్నది. ఆ చొక్కాలు మనకు అమ్మరు, పై దేశాలకు పోవును. ఇంతవరకు నాకు అభ్యంతరము లేదు.

2. అక్కడివారు వాటిని నాలుగు సార్లు తొడిగి, మొహం మొత్తి, దానమిచ్చుచున్నారు. ఆ దానమును ఎవరో కొని మూటలు కట్టి మన రేవుకే పంపుచున్నారు. నా గుమ్మం ముందే గుట్టలు పోసి, నాకు దారం పడు ఖరీదుకే చొక్కా అమ్ముచున్నారు.

3. పోయిన వారం ఒక ఆసామి అట్టి చొక్కా తెచ్చి, కాలర్ తిరగేసి కుట్టమన్నాడు. విప్పబోతే ఊడి రాదు. కొసల్లో కుట్టు మూడుసార్లు వెనక్కి తిప్పి వేసి ఉన్నది. ఒకసారి చాలునని సూపర్‌వైజరు ఎంత అరిచినా మూడుసార్లు తిప్పు మనిషి ఆ ఫ్యాక్టరీలో ఒక్కతే. ఇంటికి తీసుకుపోయి మా ఆవిడకు చూపించాను.

"నాదే! చూశావా, ఇంకా ఎంత గట్టిగా ఉందో!" అని మురిసిపోయింది.

"అదే కదే నా కొంప ముంచింది! కాస్త ఊడేట్టు కుట్టి చావొచ్చుగా?"

"నువ్వు నేర్పిందేగా!"

నా వేలితో నా కన్నే పొడిచినట్లయినది.

4. మూటలు ఆపించమని తమ గుమస్తా గారిని వేడుకొనగా, "మూటలాపితే ఆ దేశాలవాళ్లు మన చొక్కాలు కొనరు, కంపెనీ ఫ్యాక్టరీ ఎత్తేస్తుందయ్యా. మీ ఆవిడ ఉద్యోగం కూడా పోతుంది, చూసుకో" అన్నారు. అనగా మా ఇంట్లో ఒకరు బతకవలెనన్న రెండవవారు పస్తుండవలెను. ఇది ఏ ఒప్పందములో ఉన్నదో నకలు ఇప్పించగలరు.

5. దుకాణం యజమాని నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. మూటలు దాచుకొనుటకు కావలెనట. ఇంట్లో మిషను పెడితే మేము పట్టము, మేముంటే మిషను పట్టదు. నాకు భయంగా ఉంది సార్. ఈ మాట అర్జీలో వ్రాయవచ్చునో లేదో తెలియదు.

కావున మూటలను రేవులోనే ఆపించవలెను, లేదా ఆ చొక్కాలను ఎవరూ తొడగక ముందే మనకొకసారి అమ్మించవలెను. కత్తెర పక్కన పెట్టి వ్రాసుకొన్న ఈ విన్నపము చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్జీ (నెలాఖరు వరకు)

తా.క.: కవరు అంటించేలోపు మా ఆవిడ వచ్చి, కాలర్ల సెక్షనులో నాకూ పని ఇప్పించానంది. రేపు పదింటికి చేరాలి. చేరేముందు, కంపెనీ మీద గానీ దాని సరుకు మీద గానీ నాకు ఏ ఫిర్యాదూ లేదని సంతకం పెట్టాలట. కాబట్టి దయచేసి ఇది తొమ్మిదిన్నరకల్లా చదివేయండి సార్. పదింటి తర్వాత ఇందులో ఉన్నదంతా అబద్ధం.