గౌరి తిన్న ఉలవలు

సీతా,

నువ్వు పోయి ఈ తొలకరికి ఏడాది. నువ్వు పెంచిన గుర్రం, గౌరి, ఇవాళ పొద్దున దాణా ముట్టలేదు. మాటిమాటికీ తల తిప్పి డొక్కలకేసి చూసుకుంటోంది, కాలితో నేల గీరుతోంది. నిన్నటి నుంచి లద్దె వెయ్యలేదు.

వానలు పడ్డాయంటే చాలు, నువ్వు ఉలవలు చేటలో పోసి, గుప్పెడు గుప్పెడు వాసన చూసేదానివి.

"గుర్రానికి కూడా ఏరి పెడతావేందే, అదేమన్నా కొత్తల్లుడా?" అని నేను నవ్వేవాణ్ణి.

"అల్లుడైతే కక్కుకుంటాడయ్యా. గుర్రానికి కక్కటం రాదు, మింగిందంటే మింగినట్టే" అనేదానివి.

పోయిన వారం కొట్టం కారి ఉలవల మూట అడుగు తడిసింది. పైపైన చూసి, బాగానే ఉన్నాయనుకుని మొన్న వాటినే నానబెట్టి పెట్టాను.

వినుకొండలో పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. "ఇంకేం పెట్టొద్దు తాతా, పొర్లనీకుండా మెల్లగా నడిపించండి, వస్తన్నా" అన్నాడు. పక్కింటి వెంకయ్య బావ వాకిట్లో నడిపిస్తున్నాడు. నేను డాక్టరు వచ్చే దారి చూస్తూ అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

"చానా చెమట్లు పడుతున్నాయి బావా దీనికి" అంటున్నాడు వెంకయ్య.

ఇందాక మూట అడుగుదాకా చెయ్యి పెట్టి గుప్పెడు తీశాను. బూజు వాసన. నువ్వు దూలానికి తగిలించిన చేటను ఏడాదికి ఇవాళ దించాను.

గౌరి నడక ఆపింది. చెవులు నిక్కించి మన గుమ్మంకేసి చూస్తోంది. దాణా వేళకు నువ్వు వచ్చేది అటునుంచే కదా. బావ పగ్గం పట్టి లాగుతున్నా అది ముందుకాళ్లు మడుస్తోంది. కాగితం పక్కన పెట్టి లేస్తున్నాను.