తోకలు లేని అక్షరాలు

నిజామాబాద్,
నవంబరు 3

ప్రియమైన అవ్వకు,

నీ మనవరాలు దీవెన వందనాలు. ఫోన్లో నా మాట సరిగా వినబడదంటావు కదా, అందుకే ఉత్తరం. బాపుతో చదివించుకో.

ఆదివారం మన చర్చి గోడ మీద ప్రసంగం పేరు బంగారు రంగులో వెలిగిందే, ఆ స్లైడు నేనే చేశాను! హాస్టల్లో శైలజ లాప్‌టాప్ ముందు కూర్చుని, వెనకాల మంచుకొండలు పెట్టి, ఒక్కో అక్షరానికి తీగలు చుట్టాను. ఇకనుంచి ప్రతి వారం నన్నే చేయమన్నారు పాస్టరయ్య. ప్రసంగానికి ముందు ఎవరో ఒకరిని లేపి ఆ పేరు చదివిస్తారు కదా, అప్పుడు నా అక్షరాలను ఊరంతా వింటుందన్నమాట! నీకెలా అనిపించిందో రాయించు.

నీ దీవెన

రుద్రూర్,
నవంబరు 10

బిడ్డా దీవెనా,

నేను చెప్తున్న, మీ బాపు రాస్తున్నడు. సూసిన. గా మంచుకొండ ఎవల ఊర్లది? నిజాంసాగర్ నీళ్ళు తాగెటోళ్ళకు మంచుతోని ఏం పని? అక్షరాలకు గా తోకలేందే? కోతుల లెక్క ఒకదాని తోక ఒకటి పట్టుకొని ఏలాడుతున్నయి. జరసేపు గోడ మీద నిలువనియ్యవు కూడ. సూసేలోపల్నే మాయం.

నీ అవ్వ గంగవ్వ

(బిడ్డా, అవ్వ మాటలు మనసుల పెట్టుకోకు. అందరు మెచ్చుకున్నరు. నేనైతే ఛాతీ ఇరుసుకొని తిరిగిన. బాపు)

నిజామాబాద్,
నవంబరు 15

ప్రియమైన అవ్వకు,

కోతులన్నావని శైలజ పడిపడి నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మా తెలుగు సార్ మెచ్చుకున్న అక్షరాలవి. నీకు కళ్ళు మసకేస్తున్నాయేమో, సెలవులకు వచ్చినప్పుడు దవాఖానకు తీసుకుపోతాను.

వచ్చే నెల కోత పండుగకు పేరు కూడా నన్నే పెట్టమన్నారు. 'కృతజ్ఞతాపూర్వక ప్రథమఫల సమర్పణ' అని పెట్టాను. ఎంత నిండుగా ఉందో! రాస్తుంటే ఒక్కో మాట నోట్లో కలకండలా కరిగింది. పరీక్షల వల్ల పండుగకు నేను రాలేను. ఈ ఒక్కసారి నువ్వు బాగుందంటే చాలు.

నీ దీవెన

రుద్రూర్,
నవంబరు 21

బిడ్డా,

నా కండ్లు మంచిగనే ఉన్నయి. సూదిల దారం ఎక్కిస్తున్న. నీ అక్షరాలకే పొరలొచ్చినయి. గా పేరు చదువుతుంటే మీ బాపుకే దమ్మొచ్చింది. పండుగనాడు దేవుని ముందట మనం పెట్టేదేంది? చెరుకు గడ. గదే రాయి. మన చేను ఫోటో పెట్టు. అక్షరాలు ఎడమెడంగ, ఒకటో తరగతి పుస్తకంల ఉన్నట్టుండాలె. గదే పేరు కాయితం మీద పెద్దగ అచ్చుకొట్టిచ్చి పంపు. ఎందుకని అడగకు.

నీ అవ్వ

(నన్ను గూడ అడగనిస్తలేదు. పొద్దుగూకితే అవ్వ పక్కింటి జ్యోతిరాణి టీచరు ఇంట్లనే ఉంటున్నది. బాపు)

నిజామాబాద్,
డిసెంబరు 2

ప్రియమైన అవ్వకు,

మంచుకొండ తీసేశాను. తీగలు తెంపేశాను. అంత పెద్ద మాటలను చెరిపేయడానికి నిజంగా చేతులు రాలేదు. చివరికి మిగిలింది ఇది: 'మొదటి గడ నీదే'. వెనక బాపు పంపిన మన చేను. మాటలు తగ్గితే బరువు పెరుగుతుందా అవ్వా?

కాయితం ఇందులోనే పెట్టాను. ఇది కూడా నచ్చకపోతే, వేరేవాళ్ళను చూసుకోమని పాస్టరయ్యకు చెప్పేస్తాను.

నీ దీవెన

రుద్రూర్,
డిసెంబరు 19

దీవెనా,

ఇది బాపు రాయలే. నేనే రాస్తున్న. జ్యోతిరాణి టీచరు నేర్పింది. పుస్తకం నీదే, ఒకటో తరగతిది. పుస్తకంల అక్షరాలు గుర్తుపడుతున్న. గోడ మీద నీవి గుర్తుపట్టలే. గందుకే తిట్టిన.

పండుగనాడు పాస్టరయ్య ఎవరు చదువుతరని అడిగిండు. నేను లేచిన. పక్కన కూసున్న పెంటవ్వ కొంగు గుంజింది. నీకేం చదువొచ్చే, కూసో అన్నది. కూసోలే. మొదటి గడ నీదే. గట్టిగ చదివిన. కాయితం ఇంట్లనే పెట్టి పోయిన. గోడ మీద సూసే చదివిన. మీ బాపు ఏడ్సిండు. పెంటవ్వ నోరు ఇంకా తెరిసే ఉన్నది.

గది చేసింది నా మనవరాలు అని చెప్పిన. ఎవరు అడగలే. అయినా చెప్పిన.

నువ్వు మానకు. వచ్చే ఆదివారం జర పెద్ద పేరు పెట్టు.

నీ అవ్వ
గంగవ్వ

రాత వంకరగున్నది. తోకలు మాత్రం లేవు.