అవ్వ మూయనివ్వని పేకాట

బాపూ,

నువ్వు పోయి ఈరోజుకు నెల. మన కంప్యూటర్ ఇవాళే అప్‌డేట్ అయింది.

గని నుంచి రిటైరయ్యాక నేర్చుకున్న కంప్యూటర్ పేకాటను నువ్వు పోయిన రోజు మధ్యాహ్నం సగంలో వదిలి లేచావు కదా, అది తెర మీద అట్లాగే ఉండేది. నీతో ఇన్నేళ్లు కాపురం చేసిన అవ్వ దాన్ని మూయనివ్వలేదు. మూసి రీస్టార్ట్ చేయకుంటే రక్షణ అప్‌డేట్ పడదు. చెల్లె బ్యాంకు పనులన్నీ అందులోనే చేస్తుంది. ఎవడైనా దొంగ చొరబడితే దాని జీతమంతా పోతుంది.

ఈరోజు నాకు కోపం ఆగలేదు. నేను పంచే కరపత్రాల్లోలాగే, లోపాలున్న సరుకును అమ్మి, జనాన్ని తమ చుట్టూ తిప్పుకునే కంపెనీల మీద ఉపన్యాసం మొదలుపెట్టాను.

అవ్వ వచ్చి నీ కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకుంది. "నీ కరపత్రాలు బజార్ల సదువుకో బిడ్డా. జర గీ ఎర్ర రాణిని యాడ పెట్టాల్నో చెప్పు."

"నల్ల రాజు మీద పెట్టవ్వా."

ఇద్దరం కలిసి ఆడాం. చివరికి ఒక్క ముక్క కూడా కదలలేదు.

"ఓడిపోయిండా మీ బాపు?"

"లేదవ్వా, మనమే ఓడినం."

"గట్లయితే మంచిదే. ఇగ బంద్ చెయ్."

కీబోర్డు మీంచే ఆట మూసి రీస్టార్ట్ చేశాను. అప్‌డేట్ పూర్తయి తెర మళ్లీ వెలిగేదాకా అవ్వ మౌస్ మీంచి చెయ్యి తీయలేదు.