నలుగురిలో కలిసినందుకు మార్కులు

ఆత్మకూరు

గౌరవనీయులైన డేవిడ్‌రాజు గారికి,

నమస్కారం. క్యాన్సర్ నుంచి కోలుకున్నవాళ్ళ బాగోగులు చూసే మా కేంద్రం తరఫున రాస్తున్నాను. స్వరపేటిక తీసేశాక మీరు ఫోన్లో మాట్లాడలేరు కనుక ఈ ఉత్తరం. మొన్న మీ ఇంటికొచ్చి అడిగినవాటికి మార్కులు వేశాం. స్నానం, భోజనం, నడక అన్నీ బాగున్నాయి. "నలుగురిలో కలవడం"లో మీరే ఫస్టు. ఈ ఎండాకాలం మీరు వెళ్ళని పెళ్ళి లేదు! వచ్చే మీటింగులో మీరు రెండు మాటలు మాట్లాడి మిగతావాళ్ళకు ధైర్యం చెప్పాలి.

ఇట్లు,
సుధారాణి

తా.క. "మాట్లాడి" అని అలవాటుగా రాసేశాను, క్షమించండి. చెయ్యి ఊపితే చాలు.

ఉదయగిరి

అమ్మా సుధారాణీ,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. ముందు ఆ మార్కులు కొట్టెయ్యి.

నేను మా చర్చిలో సంఘ పెద్దను. ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళయినా భోజనాల ముందు ప్రార్థన నాదే. ఆదాము దగ్గర మొదలుపెట్టి పెళ్ళికొడుకు దాకా వచ్చేవాణ్ణి. ఆ లోపు బిర్యానీ చల్లారిపోయేది. జనం తప్పనిసరై పిలిచేవాళ్ళు. ఇప్పుడు మర్రిపాడు నుంచి కూడా కారు పంపి తీసుకుపోతున్నారు. ముందు వరసలో కుర్చీ వేస్తారు. పాస్టరు రెండు ముక్కల్లో ప్రార్థన ముగిస్తాడు. అందరి మొహాలూ వెలిగిపోతాయి. నాకు గొంతు లేదనే ధైర్యంతో పిలుస్తున్నారమ్మా. దీన్ని కలవడం అంటారా? సున్నా వేయి.

డేవిడ్‌రాజు

తా.క. మా రెబెకమ్మ "ఏందయ్యా, బిర్యానీ వేడిగా తింటే ఇంత రుచిగా ఉంటాదా?" అంటోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు తెలిసిందట.

ఆత్మకూరు

డేవిడ్‌రాజు గారికి నమస్కారాలు.

మీ బాధ పూర్తిగా అర్థమైంది. పెళ్ళిళ్ళలో మీకు ఏ పనీ ఇవ్వకుండా కూర్చోబెడుతున్నారని మీ పాస్టరు గారికి గట్టిగా ఉత్తరం రాశాను. ఇక ప్రతి ఫంక్షన్‌లోనూ మీకో పని ఉంటుంది.

సుధారాణి

తా.క. మీ గొంతుకు చల్లారిన బిర్యానీయే మంచిది.

ఉదయగిరి

అమ్మా,

నీ మేలు మరిచిపోలేను. నీ ఉత్తరం పాస్టరు చర్చిలో అందరి ముందూ చదివాడు. "అన్నకు పని ఇయ్యలేదని ఆత్మకూరు నుంచి కంప్లైంటు వచ్చుండాది" అన్నాడు. జలదంకి పెళ్ళిలో నాకు చెప్పుల కాపలా ఇచ్చారు. దానికి గొంతు అక్కర్లేదట. లోపల ప్రార్థన మొదలవడం, అయిపోవడం గుమ్మం బయట కూర్చుని విన్నాను.

డేవిడ్‌రాజు

తా.క. ఆఖరికి పోయింది నా చెప్పులే.

ఆత్మకూరు

డేవిడ్‌రాజు గారూ,

తప్పు నాదే. మీకు కావలసిన పని ఏదో సరిగ్గా వినకుండానే పని ఇప్పించాను. మెడకు ఆనించి, బటన్ నొక్కి, పెదవులు కదిలిస్తే మాట వచ్చే మెషిన్ ఒకటి తెప్పించాను. వచ్చి తీసుకోండి.

సుధారాణి

తా.క. ఛార్జింగ్ గంటకు మించి నిలవదు. మీకు చాలుతుందో లేదో.

ఉదయగిరి

అమ్మా సుధారాణీ,

నిన్న మా తమ్ముడి కూతురు ఏంజెలిన్ పెళ్ళి. నా చేతిలో మెషిన్ చూసి పాస్టరు మైకు నాకిచ్చాడు. వంటవాళ్ళు చూసి మళ్ళీ మూతలు పెట్టేశారు. అందరూ తలలు వంచారు.

"ప్రభువా" అన్నాను. డబ్బాలో తుమ్మెద పడ్డట్టు మోత. అది నా గొంతు కాదు. ఎవరో పిల్లలు నవ్వారు. ఎన్నాళ్ళ నుంచో కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "స్తోత్రం" అన్నాను. బటన్ వదిలేశాను. ఆపరేషన్ నాడు ఏడవలేదు, అక్కడ ఏడ్చాను. నా ఏడుపుకి చప్పుడు కూడా లేదు కదా, ఎవరికీ తెలియలేదు.

కళ్ళు తెరిచి చూస్తే ఒక్కరూ తల ఎత్తలేదు. ప్రార్థన ఇంకా ఉందనుకుని నిలబడే ఉన్నారు. నవ్విన పిల్లలు కూడా. నా ప్రార్థనంటే తప్పుకు తిరిగినవాళ్ళందరూ నా మాట కోసం ఆగి ఉన్నారు. ఆమెన్ చెప్పడానికి నాకు మనసు రాలేదమ్మా.

డేవిడ్‌రాజు

తా.క. నేను రెబెకమ్మను. ఆయన ఎంతకీ ముగించేలా లేడని గట్టిగా ఆమెన్ అన్నది నేనే. ఇన్నేళ్ళూ ఆ మాట ఎప్పుడొస్తుందా అని కాచుకున్నదాన్ని. అన్నాక ఆయన మొహం చూశాను. తొందరపడ్డానమ్మా.